పేరిందేవి పోలిక

పేరిందేవి మిరప నారు పెంచడంలో ఎంత నేర్పరో, తన వంశాన్ని పొగుడుకోవడంలో అంతకు రెండింతలు నేర్పరి. గుంటూరు దగ్గరి పల్లెలో ఆమె నారుమడికి వెళ్లినవాళ్లు నారుతోపాటు ఆ పొగడ్తలనూ మోసుకుని రావలసిందే.

"మా అమ్మ తొంభై ఏళ్లు బతికింది. మా అమ్మమ్మ ఇంకా ఎక్కువే. మాది గట్టి రక్తం," అనేది. అమ్మమ్మ వయసు మాత్రం చెప్పినప్పుడల్లా రెండేళ్లు పెరుగుతుండేది.

ఒకరోజు ఆరోగ్య కేంద్రం నర్సు కరుణశ్రీ మడి దగ్గరికి వచ్చింది. ముప్ఫై దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేస్తున్నామని, అయిదు నిమిషాల పనేనని చెప్పింది. పక్కనే నారు పీకుతున్న పేరిందేవి చెల్లెలు రత్తాలు వెంటనే చేతులు కడుక్కుని బయల్దేరింది. పేరిందేవి కదల్లేదు.

"మా వంశంలో అలాంటివి లేవమ్మా."

"మీ చెల్లెలిదీ అదే వంశం కదండీ?"

"దానిది నాన్న పోలిక. నాది అచ్చం అమ్మ పోలిక. ఈ ముక్కు చూడు!"

నర్సు ముక్కు చూసింది. తర్వాత మడి చూసింది. "పిన్నిగారూ, ఒకే కాయ గింజలు చల్లినా ముడత తెగులు ఒక మొక్కకు పట్టి, పక్కదాన్ని వదిలేస్తుంది. ఎందుకంటారు?"

"ఏ గింజ గుణం దానిది."

"మనమూ అంతే. ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ చాలామందికి సోకుతుంది. ఎక్కువమంది ఒళ్లు దాన్ని తరిమేస్తుంది. కొందరిలో ఉండిపోతుంది. పుట్టుకతో వచ్చిన జన్యువుల్లోని చిన్న చిన్న తేడాలు కూడా దానికి ఒక కారణం. ముక్కు అమ్మదైనా ఆ జన్యువుల్లో సగం నాన్నవే. గట్టి విత్తనమని మీరు నారును చూడకుండా వదిలేస్తారా? రోజూ ఆకు తిప్పి చూస్తారుగా!"

"అవి నోరులేనివి. నాకేమైనా అయితే నేనే చెబుతాగా!" అని నవ్వేసింది పేరిందేవి.

పరీక్షలో రత్తాలుకు క్యాన్సర్‌గా మారకముందు వచ్చే మార్పు బయటపడింది. చిన్న చికిత్స చేసి ఆ సాయంత్రమే ఇంటికి పంపారు. ఆమె అక్కను ఎన్నోసార్లు బతిమాలింది. "నారు సీజను అయిపోనీయవే," అనేది అక్క. ఆ సీజను రెండేళ్లు సాగింది.

మూడో ఏడు, ముట్టు ఎప్పుడో ఆగిపోయిన పేరిందేవికి మళ్లీ రక్తం కనబడింది. పెద్దాసుపత్రిలో క్యాన్సర్ అన్నారు.

"నర్సు పిలిచినప్పుడే పరీక్షకు వచ్చి ఉంటే?" అని అడిగింది డాక్టరును.

"ఇంతదాకా రాకుండా ఆపే వీలుండేదమ్మా. ఇప్పుడూ వైద్యం ఉంది. కానీ తప్పక నయమవుతుందని మాటివ్వలేను."

రేడియేషన్ గది బయట రత్తాలు మెల్లగా అడిగింది. "భయమేస్తోందా అక్కా?"

"ఇప్పుడు కాదే, ఆ నర్సు వచ్చిన రోజునే వేసింది. అందుకే అంత గట్టిగా మాట్లాడాను. నీకు వేయలేదూ?"

"ఎందుకు వేయలేదు? చాలా వేసింది. భయపడుతూనే వెళ్లాను."

లోపలినుంచి పేరు పిలిచారు. పేరిందేవి చెల్లెలి చేయి ఒకసారి గట్టిగా నొక్కి, లేచి వెళ్లింది.

పుట్టుకతో మన ఒంట్లోకి ఏం వచ్చిందో పోలికలు చూసి చెప్పలేం. భయమేసినా సరే, బాగున్నప్పుడే పరీక్ష చేయించుకోవాలి.