కొర్లమ్మ ముడి

సింహాచలం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరికి ఏ మాట ఇచ్చినా ముందు ఏ చోటో ఏ రోజో చెప్పేవారు. "ఈ గదిలో, ఈ ఆదివారం, నీకు మాత్రమే చెబుతున్నాను, వచ్చే వారం ఆ పుస్తకం ఇస్తాను" అనేవారు. రేపు అర లీటరు ఎక్కువ పొయ్యమని పాలవాడికి చెప్పడానికి కూడా ఇంత తతంగమూ ఉండేది. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఆయన విశాఖలో తన మేడమీది గదిలో మాలాంటి ఉద్యోగస్తులు కొందరికి గూఢలిపి శాస్త్రం నేర్పేవారు. రహస్యాన్ని దాచే లెక్కలూ, సంతకాన్ని మరొకడు అనుకరించలేకుండా చేసే లెక్కలూ అన్నమాట. ఫీజు లేదు, కాఫీ మాత్రం ఉండేది. సముద్రం ఉన్న ఊళ్లో సముద్రం వినపడని వీధి వెతికి మరీ ఇల్లు తీసుకున్నారు. జాలరి ఇంట పుట్టిన మనిషికి ఇదేం చోద్యమని మేము ఆయన వెనక నవ్వుకునేవాళ్లం.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ యామినీ తప్ప ఎవరూ రాలేదు. యామిని మా అందరిలోకీ చురుకైనది. ఆ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయి కూర్చుంది. చివరికి అడిగేసింది.

"మాస్టారూ, రేపు పొద్దున పదింటికి మా నాణెం రెండుగా చీలుతోంది. రెండింట్లో ఏది అసలుది?"

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. క్రిప్టో నాణేనికి టంకసాల లేదు, బ్యాంకు లేదు. ఎవరి నాణెం ఎవరికి వెళ్లిందో రాసే పుస్తకం ఒకటి ఉంటుంది, దాని నకలు వేలమంది కంప్యూటర్లలో ఉంటుంది. నాణెం పంపదలచినవాడు తన సంతకంతో ఒక చీటీ రాస్తే అందరూ ఆ సంతకం సరిచూసి తమ తమ నకళ్లలో ఎక్కిస్తారు. నకళ్లన్నీ ఒకేలా ఉన్నంతకాలం అది ఒకే నాణెం. నియమం మీద పేచీ వచ్చి సగం మంది ఒక పేజీ, సగం మంది ఇంకో పేజీ రాయడం మొదలుపెట్టారా, ఆ క్షణం నుంచి పుస్తకాలు రెండు, నాణేలు రెండు. దీన్నే ఫోర్క్ అంటారు. యామిని నాణెంలో ఎవడో నియమాల్లో ఒక కంత కనిపెట్టి, ఏ నియమమూ తప్పకుండానే చాలామంది సొమ్ము లాగేసుకున్నాడు. ఆ పేజీ చింపేద్దామని సగం మంది, రాసింది రాసిందేనని సగం మంది పట్టుపట్టి కూర్చున్నారు. చీలకముందు నాణెం ఉన్నవాడికి చీలాక రెండు పుస్తకాల్లోనూ ఉంటుంది గనుక, నాలాంటి బుద్ధిమంతులు పండగ చేసుకుంటున్నారు. నా దగ్గర నాలుగు నాణేలు ఉండేవి. అవి ఎనిమిది కాబోతున్నాయని నేను ముందురోజే కొత్త ఫ్రిజ్ బేరమాడి వచ్చాను.

"మా అక్క పద్నాలుగేళ్లు జాకెట్లు కుట్టి దాచిన డబ్బు, మాస్టారూ. నా మాట నమ్మి మొత్తం ఇందులో పెట్టింది. చీలగానే ఒకటి అమ్మేసి, ఒకటి ఉంచుకుంటానంటోంది. కొనేవాణ్ణి కూడా చూసుకుంది. ఏది ఉంచుకోమని చెప్పను?"

మాస్టారు లేచి వెళ్లి, గాలి కోసం తీసి ఉంచిన కిటికీ మూశారు. వచ్చి కూర్చుని, "ఈ గదిలో, ఈ పూట, మీ ఇద్దరికే చెబుతున్నాను" అన్నారు. ఎప్పటి మాటే. కానీ ఆయన మొహం చూశాక నాకు నవ్వు రాలేదు.

ఆయన పుట్టిన దిబ్బలపేటలో పద్దెనిమిది ఇళ్లు. ఒడ్డున నిలబడి పదిమంది లాగే అలివి వల వేయడానికి అక్కడ అనువైన చోటు ఒక్కటే ఉండేది. అందుకని వంతులు పెట్టుకున్నారు, ఇంటికి పద్దెనిమిది రోజులకొక వంతు. ఆ వరస ఎక్కడా రాసి లేదు, ఏ పెద్దమనిషి చేతిలోనూ లేదు. తెల్లవారగానే ఇంటికొకరు ఇసుకలో నిలబడి వరసంతా మొదటినుంచీ కలిసి పలికేవారు. ఒకరు తప్పితే పదిహేడు మంది దిద్దేవారు. వంతు మరొకరికి శాశ్వతంగా ఇచ్చుకోవాలంటే తాడు ముక్కకు తమ ఇంటి ముడి వేసి ఇవ్వాలి. ప్రతి ఇంటికీ ఒక ముడి ఉండేది, అది ఆ ఇంటివాళ్లకు తప్ప ఇంకెవరికీ వేయడం చేతకాదు. ఆ తాడు తెచ్చినవాడు ఒడ్డున నిలబడి, ఫలానా వాళ్లు తమ వంతు నాకిచ్చారని మూడుసార్లు పలకాలి. మిగిలినవాళ్లు ముడి చూసి ఆ మాటను వరసలో కలుపుకునేవారు. ఇచ్చినవాళ్లు రానక్కర్లేదు. పలికింది పలికిందే.

ఒక ఏడు తుఫాను వచ్చి ఊరంతా బడిలో తలదాచుకుంది. తౌడయ్య అనే మనిషి మాత్రం ఐదు పొద్దులు ఆ గాలిలోనే ఒడ్డుకు పోయి ఒక్కడే వరస పలికి వచ్చాడు. తన రోజున ఒడ్డుకు రానివాడి వంతు ఆపైన ఎప్పటికీ వచ్చినవాడిదన్నది పాత నియమం. సోమరుల కోసం ఎప్పుడో పెట్టుకున్నారు. అలా ఐదు ఇళ్ల వంతులు తౌడయ్యవయ్యాయి. ఆ ఐదు పొద్దులూ లేవనుకుందామని సగం ఊరు అంది. ఇవాళ అతని మాట చెరిపితే రేపు మా మాట చెరపరని ఏముందని సగం ఊరు అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, చిక్కంతా అదే. ఒక తెల్లవారుజామున వరస పలుకుతూ తుఫాను రోజు దాకా వచ్చేసరికి అప్పటిదాకా ఒకటిగా సాగిన గొంతు రెండయింది.

తుఫానుకు ఇసుక జరిగి దక్షిణాన వల వేసేందుకు ఇంకో చోటు తెరుచుకుంది. తౌడయ్య వంతులు ఒప్పుకోనివాళ్లు అక్కడికి పోయి తమ వరస పలుక్కోవడం మొదలుపెట్టారు. తుఫాను ముందుదాకా రెండు వరసలూ ఒకటే గనుక, పాత వంతున్న ఇంటికి ఇప్పుడు ఉత్తరాన పాత చోట ఒకటి, దక్షిణాన ఒకటి. జనం పొంగిపోయారు. ఇళ్లలో వేటమాంసం వండుకున్నారు. చేపలు రెండింతలు కాలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అప్పటికి మాస్టారికి ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ చదివి ఉద్యోగం రాక వల పట్టుకున్నారు, కొత్తగా పెళ్లయింది. తౌడయ్య పుచ్చుకున్న ఐదు వంతుల్లో వాళ్లది ఒకటి, అంటే వాళ్లకు దక్షిణాన తప్ప చోటు లేదు. పక్కింట్లో మైలపల్లి కొర్లమ్మ ఉండేది. మొగుణ్ణి సముద్రం తీసుకుంది. ఇద్దరు ఆడపిల్లలూ, ఒక వలా మిగిలాయి. వల ఉంది గాని లాగే మనుషులు లేరు. అందుకని ఆమె ఒక బేరం పెట్టింది. దక్షిణపు వంతు సింహాచలానికి ఇస్తుంది, బదులుగా అతను తన మనుషులతో వచ్చి ఉత్తరాన ఆమె వల లాగిపెట్టాలి. గుమ్మంలో ఎండలో కూర్చుని తాడుకు ముడి వేస్తూ, "దచ్చినం నీకు, ఉత్తరం నాకు. గేపకం ఉంటాదా తమ్ముడా?" అంది. ఆ ప్రాంతంలో అక్కను అప్ప అంటారు. "ఉంటాదప్పా" అన్నాడతను.

దక్షిణపు ఒడ్డున తాడు చూపించి పలికాడు. కొర్లమ్మ తన వంతు నాకిచ్చిందని, మూడుసార్లు. ఏ ఒడ్డు వంతో ఆ మాటల్లో లేదు. ఆ మాటలు పుట్టిననాడు ఒడ్డు ఒక్కటే కదా. మూడోనాడు, కొర్లమ్మ సంతకు పోయిన పొద్దున, అదే తాడు మొలలో దోపుకుని ఉత్తరానికి నడిచాడు. నియమం ఒప్పుతుందో లేదో చూద్దామని సరదాగా వెళ్లానని తనకు తానే చెప్పుకున్నాడు. అక్కడా అవే మాటలు మూడుసార్లు పలికాడు. వాళ్లు ముడి చూశారు, కొర్లమ్మదే. వరసలో కలుపుకున్నారు. అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు.

మర్నాడే ఉత్తరాన కొర్లమ్మ వంతు రోజు వచ్చింది. సింహాచలం తన మనుషులతో ముందే ఒడ్డున ఉన్నాడు. బేరం ప్రకారం తన కోసమే వచ్చారనుకుని ఆమె నెత్తిన వల పెట్టుకుని నవ్వుతూ వచ్చింది. పిల్లలు వెనకాల బుట్టలు మోసుకొచ్చారు. వరసలో ఆమె పేరు రావలసిన చోట సింహాచలం పేరు పలికారు. ఆమెకు మొదట అర్థం కాలేదు. వల దించి, "నానెప్పుడిచ్చినాను?" అని అడిగింది. ఎవరో తాడు అందించారు. ఆమె ముడిని వేలితో తడిమి చూసింది. చాలాసేపు చూసింది.

"నాదే. నా సెయ్యే ఏసింది. నానైతే ఇయ్యలేదు" అంది.

అతన్ని తిట్టలేదు. తన చేతులను చూసుకుని భయపడింది. ఆ చూపు తనను ఇప్పటికీ వదల్లేదని చెబుతూ మాస్టారు ఆగి మంచినీళ్లు తాగారు. ఆ వంతు రోజు మధ్యాహ్నం ఆయన భార్య అన్నం వడ్డించలేదు. "ఊరు సీలిపోయినకాడి నుంచి మనం కట్టిన తాళ్లు ఎవులెవులి కాడున్నాయో సెప్పు" అంది. పొద్దువాలేసరికి ప్రతి ఇంట్లోనూ అదే వెతుకులాట. ఎవరికి ఏం కట్టిచ్చామో గుర్తు తెచ్చుకుంటూ, ఒకరి మొలవైపు ఒకరు చూసుకుంటూ ఊరు ఊరంతా వణికింది. ఆ తరవాత నెలల తరబడి ఆ పేటలో ఎవరూ ముడి వేయలేదు. ఇచ్చేవాడు లేడు, పుచ్చుకునేవాడు లేడు.

"తిరిగి ఇచ్చేయలేదా మాస్టారూ?" అని యామిని అడిగింది.

ఇద్దామనే తాడు తీశారట. ఉత్తరపు వంతు కొర్లమ్మకు తిరిగివ్వాలంటే తన ఇంటి ముడి వేయాలి. ఆ తాడును ఎవరైనా దక్షిణానికి పట్టుకుపోతే అక్కడ తనకున్న వంతులూ పోతాయి, తన ఇంట్లో పొయ్యి వెలగదు. తాను చేసిన పనిని ఇంకొకడు చేయడని ఎలా నమ్మడం? చేతులు రాలేదు. ముడిలోనే ఏ ఒడ్డుదో గుర్తు వేయాలని, ముందు ఆ ఒడ్డు పేరు చెప్పి, ఆ తరవాతే మాట పలకాలని ఊరు కొత్త నియమం పెట్టుకునేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ రోజే ఆయన ఉత్తరపు ఒడ్డు గుర్తుతో ముడి వేసుకుని పక్కింటికి వెళ్లారు. ఇల్లు ఖాళీగా ఉంది. పిల్లల్ని తీసుకుని ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. చూరుకు వల వేలాడుతోంది, ఎలుకలు కొట్టేసి ఉంది. ఆ తరవాత ఆయన సముద్రంలోకి దిగలేదు.

నా ఫ్రిజ్ నాకు గుర్తొచ్చి సిగ్గేసింది. యామిని అప్పటికే ఫోన్లో ఆ నాణెం వాళ్ల ప్రకటన తీసి చదువుతోంది. ఆమె వేలు ఒకచోట ఆగిపోయింది.

"చీటీలో ఏ పుస్తకానికి పంపుతున్నామో రాసే వీలుందా అమ్మా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ. ఒకే చీటీ, ఒకే సంతకం రెండింట్లోనూ చెల్లుతుందట. దాన్ని తరవాత సరిచేస్తామని రాశారు."

ఆమె వెంటనే అక్కకు ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "అక్కా, రేపు నేను చెప్పేదాకా నువ్వు దేనిమీదా సంతకం చెయ్యకు. విన్నావా?" అంది.

"అయ్యో, ఆ పని పొద్దున్నే అయిపోయిందే" అంది అక్క సంతోషంగా. "కొనే ఆయన ఫోన్లో ఎలా నొక్కమంటే అలా నొక్కి, చీటీకి సంతకం చేసి ఆయనకే పంపేశాను. రేపు పది దాటగానే తక్కువమంది ఉన్న చిన్న పుస్తకంలో ఆయనే వేసుకుంటాడట. పెద్దది మన దగ్గరే ఉంటుంది. రెండూ మనవేగా, నువ్వెందుకు ఊరికే కంగారుపడతావు?"

యామిని మాస్టారి వైపు తిరిగింది. ఆయన గోడగడియారం చూశారు. నాలుగు కావస్తోంది.

"ఏది అసలుదో తరవాత చూద్దాం" అన్నారు. "ఆ తాడు ఇప్పుడు ఎవరి మొలలో ఉందో అడుగు."