కలకంఠి కాని వీణ

మువ్వగిరి పెద్ద రాజ్యమేమీ కాదు. పొద్దున గుర్రమెక్కి బయలుదేరినవాడు మర్నాడు మధ్యాహ్నానికి అవతలి పొలిమేర దాటేసేవాడు. అయినా ఆ పేరు చెబితే దూరదేశాల సంగీతప్రియులు కూడా ఆదరంగా తల ఊపేవారు. అందుకు కారణం అక్కడ పుట్టిన కలకంఠి వీణలు.

కలకంఠి అన్నది ఒక్క వీణ పేరు కాదు, ఒక రకం వీణలన్నిటి పేరు. పూర్వం రుద్రాచారి అనే శిల్పి వాటిని చేసేవాడు. ఎనభై ఏళ్లు ముదిరిన పనసమానును తొలిచి, ఎక్కడా అతుకన్నది లేకుండా కుండా దండీ ఒకే కర్రలో తీర్చేవాడు. వీణ బరువుగా ఉండేది. తీగ మీటితే నాదం బావి అడుగు నుంచి వచ్చినట్టు లోతుగా లేచి, చాలాసేపటికి గాని ఆరేది కాదు. ఆయన జీవితమంతా కష్టపడి చేసినవి ఇరవై ఒక్కటి. ఆయన పోయాక కలకంఠి మళ్లీ తయారు కాలేదు.

మన కథ నాటికి మువ్వగిరిని ఏలుతున్నవాడు మాధవసింగ భూపతి. మనసు మంచిదే గాని మనిషికి డంబం ఎక్కువ. అద్దం ముందు నిలబడి కిరీటం సర్దుకోవడానికే ఆయనకు ఒక ఘడియ పట్టేది. ఆయన తాతగారి పేరు కూడా మాధవసింగ భూపతే. కలకంఠి వీణలు ఆ తాతగారి కాలంలో పుట్టినవి. పొరుగు దేశాల నుంచి ఎవరు వచ్చినా, కుశలప్రశ్నలు అయ్యీ కాకముందే, "కలకంఠి వీణలు ఇప్పుడు చేస్తున్నారా?" అని అడిగేవారు. లేదని చెప్పవలసి వచ్చినప్పుడల్లా రాజుకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

రుద్రాచారి శిష్యుడు నాగలింగాచారి కోట పక్క వీధిలోనే కొత్త రకం వీణలు చేస్తున్నాడని ఒకనాడు రాజు చెవిన పడింది. వెంటనే ఆరు వీణలు సభకు తెప్పించాడు. చూడముచ్చటగా ఉన్నాయి. ఆస్థాన వైణికురాలు తిరువెంగళమ్మ ఒకదాన్ని అందుకుని కాసేపు వాయించింది. నాదం తేటగా, చురుగ్గా పలికింది.

"బాగుంది," అన్నది ఆమె.

"అయితే వీటి మీద కలకంఠి అని చెక్కించండి," అన్నాడు రాజు. "ఏటేటా మన పట్టాభిషేక దినాన వచ్చే రాయబారులకు తలా ఒకటి బహూకరిద్దాం. కలకంఠి తిరిగి పుట్టిందని లోకమంతా చెప్పుకుంటుంది."

నాగలింగాచారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏలినవారు మన్నించాలి. ఇవి కలకంఠులు కావు. ఆ పేరు నేను చెక్కలేను."

 రాజు ముఖం ఎర్రబడింది.

"పట్టాభిషేక దినానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆనాటి పొద్దుటికి ఆరింటి మీదా పేరు ఉండాలి. లేదా నీ ఉలులూ రంపాలూ కోట వాకిట అప్పగించి, భార్యను వెంటబెట్టుకుని పొలిమేర దాటాలి," అన్నాడు.

ఆ సభలో రాయసం ఓబళయ్య అనే ఉద్యోగి ఉన్నాడు. రాజుగారి ఉత్తరాలు రాయడం అతని పని. పొట్టి మనిషి, మెత్తని మాట. రాజుకు అతనంటే చనువూ ఉంది, కాస్త భయమూ ఉంది. అతను అడిగేవి చిన్న ప్రశ్నలే. జవాబు చెప్పాక మాత్రం ఎక్కడ తేలతామో ముందుగా తెలిసేది కాదు.

ఓబళయ్య లేచి నమస్కరించాడు. "చిన్న సందేహం ప్రభూ. పాత వీణ వేరు, కొత్త వీణ వేరు. రెంటికీ ఒకే పేరు చెల్లుతుందా?"

"ఎందుకు చెల్లదు? నాకు మా తాతగారి పేరు పెట్టారు. తప్పని ఎవరైనా అన్నారా? పేరు నిలిస్తే దానితోపాటు గొప్పతనమూ నిలుస్తుంది."

"చిత్తం. ఈ నియమం వీణలకు మాత్రమేనా, ఆస్థానంలో అన్నిటికీనా?"

"అన్నిటికీ," అన్నాడు రాజు, తన మాట తనకే నచ్చి.

"అయితే ఈసారి పట్టాభిషేక దినాన వంది చదవవలసిన బిరుదుపాఠం సంగతి నాకు వదిలిపెట్టమని ప్రార్థన. ఆ నియమం ప్రకారమే నడిపిస్తాను."

రాజు అతని ముఖంలోకి ఒకసారి చూశాడు. అక్కడ ఏమీ కనిపించలేదు. సరేనన్నాడు.

ఆ సాయంత్రం ఓబళయ్య నాగలింగాచారి ఇంటికి వెళ్లాడు. అరుగు మీద పనసపొట్టు పరుచుకుని ఉంది. ఆచారి ఉలులన్నీ వరసగా పెట్టి నూనె రాస్తున్నాడు. ప్రయాణానికి సిద్ధమవుతున్నాడని చూడగానే తెలిసింది.

"పేరు చెక్కేస్తే పోయేది కదా ఆచారీ. ఉన్నవి నాలుగు అక్షరాలే," అన్నాడు ఓబళయ్య, అతని మనసు తెలుసుకుందామని.

ఆచారి ఉలి కింద పెట్టాడు. తర్వాత గోడకు ఆనించి ఉన్న వీణను తెచ్చి ఓబళయ్య చేతిలో పెట్టాడు. "ఎత్తి చూడండయ్యా."

ఓబళయ్య తేలిగ్గా ఎత్తేశాడు.

"మా ఇంటిది మంచి వైణికురాలు," అన్నాడు ఆచారి. "అయిదేళ్ల కిందట వేళ్ల కణుపులు వాచాయి. మా గురువుగారు ఇచ్చిన కలకంఠి ఇంట్లోనే ఉన్నా దాన్ని ముట్టలేకపోయింది. తీగ గట్టిగా నొక్కాలి. నొక్కితే కళ్లమ్మట నీళ్లు వచ్చేవి. అప్పుడు మొదలుపెట్టాను. కర్ర పలచన చేశాను, మూడు ముక్కలు అతికాను, తీగలను మెట్లకు దగ్గరగా దించాను. ఇరవై దాకా పాడుచేసి పొయ్యిలో పెట్టాను. మూడేళ్లకు ఇది కుదిరింది. ఇప్పుడు రోజూ వాయించుకుంటోంది."

లోపల నుంచి ఆచారి భార్య గంగమాంబ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె వేళ్లు అల్లపు కొమ్ముల్లా ముడులు పడి ఉన్నాయి.

"దీని మీద కలకంఠి అని రాస్తే, చేతికి తీసుకున్నవాడు ఆ బరువూ ఆ లోతూ వెతుకుతాడు," అన్నాడు ఆచారి. "అవి ఇందులో లేవు. అప్పుడు ఇది చెడ్డ కలకంఠి అంటాడు. మంచి వీణ అని మాత్రం అనడు. మా గురువుగారి పేరూ చెడుతుంది, ఇది దేనికి పుట్టిందో అదీ మరుగున పడుతుంది."

ఓబళయ్య మజ్జిగ తాగి, గిన్నె కింద పెట్టి లేచాడు. "ఉలులు మూటకట్టకు. నూనె రాయడం మంచిదే, రాసుకో," అని వెళ్లిపోయాడు.

పట్టాభిషేక దినం వచ్చింది. ఆరు దేశాల రాయబారులు ఆరు ఆసనాల మీద కూర్చున్నారు. పేరు లేని ఆరు వీణలు ఒక పక్కన వరసగా ఉన్నాయి. నాగలింగాచారి పనిముట్ల పెట్టె పట్టుకుని ద్వారం దగ్గర నిలబడ్డాడు. రాజు అటు కోపంగా చూశాడు గాని, బిరుదుపాఠం అయ్యాక తేల్చుకుందామని ఊరుకున్నాడు.

స్తోత్రాలు చదివే వంది ముందుకు వచ్చి గొంతెత్తాడు.

"జయ జయ మాధవసింగ భూపతీ! పదహారో ఏట పులిని ఈటెతో కూల్చిన ధీరా! పొంగే ఏటిని ఈది శత్రుదుర్గం పట్టిన వీరా! ఏడు చెరువులు తవ్వించిన దాతా!"

మొదట రాజు మీసం మీద చెయ్యి వేశాడు. పులి మాట నిజం కాకపోయినా వినడానికి బాగానే ఉంది. ఏటిని ఈదిన మాట వచ్చేసరికి కొంచెం కదిలాడు. ఆయనకు ఈత రాదు.

"రణరంగంలో ఎడమకన్ను సమర్పించిన ఏకాక్ష సింహమా!" అన్నాడు వంది.

రాయబారులు ఆరుగురూ రాజుగారి ఎడమకన్ను వంక చూశారు. అది చక్కగా ఉంది. పైగా వంది వంక గుడ్లురుముతోంది.

"పదకొండుగురు రాణుల మనోహరా!"

పక్కన కూర్చున్న మహారాణి మెల్లగా రాజు వైపు తిరిగింది. ఆ సింహాసనం పక్కన ఆమె తప్ప మరో రాణి ఎన్నడూ కూర్చోలేదు.

"చాలించు," అన్నాడు రాజు. "ఓబళయ్యా, ఇది మా తాతగారి బిరుదుపాఠం."

"చిత్తం. పేరు ఒకటే కదా ప్రభూ. పేరుతోపాటు గొప్పతనమూ వస్తుందని ఏలినవారే సెలవిచ్చారు. తమరికి వేరే పాఠం ఎందుకని పాతదే తీయించాను."

"ఎందుకా? నేను చేసిందేమీ లేదా?" రాజు గొంతు మారింది. "మూడేళ్లు వానలు లేకపోతే కోటలో ధాన్యం కొట్లు తెరిపించింది ఎవరు? మంత్రులందరూ వద్దన్నారు. ప్రతి పొద్దూ గంజిగాబుల దగ్గర నేనే నిలబడ్డాను. మా తాతగారి కాలంలో కరువే రాలేదు. ఆ మాట ఇందులో ఏది?"

"లేదు ప్రభూ," అన్నాడు ఓబళయ్య. ఈసారి అతని మాటలో ఎగతాళి లేదు. "ఇది తాతగారి పేరు మీద కట్టిన పాఠం. ఇందులో గంజికి చోటు లేదు. మా అమ్మ ఆ గంజి తాగే బతికింది. పులిని చంపిన మాధవసింగుడు ఎవరో ఆమెకు తెలియదు. గాబు దగ్గర నిలబడినవాడే తెలుసు. పాత పొగడ్త తమరికి తొడిగితే తమరు తాతగారు కాలేదు. తమరు చేసింది మాత్రం కనబడకుండా పోయింది. ఈ ఆరు వీణల గతీ అదే ప్రభూ. నొప్పిచేతులవాళ్లు కూడా వాయించుకోవాలని ఆచారి తన భార్య కోసం చేసినవి ఇవి. కలకంఠికి ఆ గుణం లేదు."

రాజు కళ్లు ఆ ఆరు వీణల మీదికి వెళ్లాయి. తర్వాత తిరువెంగళమ్మ వైపు చూశాడు. "ఆనాడు బాగుందన్నారు కదా. కలకంఠి అని ఎందుకు అనలేదు?"

"తమరు బాగుందా అని చూశారు గాని, ఏమిటి అని అడగలేదు," అన్నది ఆ పెద్దావిడ. "నాకూ వేళ్లు నొప్పులే ప్రభూ. ఆవేళ చాలాకాలానికి నొప్పి తెలియకుండా వాయించాను."

రాజు పెదవుల మీదికి నవ్వు వచ్చింది. ముందు ఆపుకోబోయాడు. ఎడమకన్ను సంగతి గుర్తొచ్చిందేమో, ఆపుకోలేక పెద్దగా నవ్వేశాడు. మహారాణి కూడా నవ్వింది. అప్పటిదాకా బిగబట్టుకున్న రాయబారులు ఊపిరి వదిలారు.

"ఆచారీ, ఇలా రా," అన్నాడు రాజు. "దీనికి పేరేమిటి? మాధవసింగ వీణ అంటే ఎలా ఉంటుంది?"

ఓబళయ్య చిన్నగా దగ్గాడు.

"వద్దులే," అన్నాడు రాజు. "మీ ఇంట్లో ఏమని పిలుచుకుంటారు?"

"పేరంటూ పెట్టలేదు ప్రభూ. మా ఇంటిది మాత్రం ‘ఆ అలతిది ఇలా అందుకో’ అంటుంటుంది. తేలికగా ఉంటుందని."

"అలతి," అని రాజు తనలో తాను ఒకసారి అనుకున్నాడు. "అదే చెక్కు."

సభ ముగిసేలోగా ఆచారి అక్కడే కూర్చుని ఆరింటి మీదా ఆ మూడక్షరాలు చెక్కాడు. రాయబారులకు వాటిని ఇస్తూ రాజు, "కలకంఠి ఇప్పుడు చేయడం లేదు. ఇది వేరే వీణ. వాయించి చూడండి," అని తన నోటితోనే చెప్పాడు. కొండవాగు పక్కన పది ఎకరాల నేల ఆచారికి రాసిచ్చి, పనసమొక్కలు నాటమన్నాడు.

"అవి ముదిరేసరికి మనమెవరం ఉండం ప్రభూ," అన్నాడు ఆచారి.

"ఎవరైనా నిజం కలకంఠి చేయదలిస్తే అప్పటికి మాను ఉండాలి కదా," అన్నాడు రాజు.

ఆ పైన ఆయన వందిని పిలిచి తనకు కొత్త బిరుదుపాఠం రాయమన్నాడు. నెల తిరిగేసరికి వంది తెచ్చి చదివాడు. నాలుగంటే నాలుగే పాదాలు. రాజు మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు.

"ఇంతేనా ఓబళయ్యా?" అన్నాడు.

"ఇప్పటికి ఇంతే ప్రభూ. తమరికి ఇంకా వయసుంది."

మాధవసింగ భూపతి ఫక్కున నవ్వి, తన భుజం మీది పట్టుశాలువా తీసి తన చేతులతోనే ఓబళయ్యకు కప్పాడు.