పచ్చ కారు

పాత కారుకి మళ్ళీ రంగు వేసేటప్పుడు, అది ఫ్యాక్టరీ గేటు దాటిన నాడు ఎలా ఉందో అలా వేయాలా, లేక మన చేతనైనంత బాగా వేయాలా? విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లను బాగుచేసే జకరయ్య మేస్త్రిని, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ప్రసూన ఒకరోజు ఈ ప్రశ్న అడిగింది. అడిగి ఊరుకునే మనిషి కాదు. "ఆ రోజుల్లో ఫ్యాక్టరీ రంగు దగ్గరగా చూస్తే బత్తాయి తొక్కలా ఉండేది. ఇప్పుడు మనం అద్దంలా వేయగలం. చేతనైన పని దాచుకుని, కావాలని గరుకుగా వేస్తే అది నటన. అద్దంలా వేస్తే అది ఆ కారే కాదు. రెండూ అబద్ధాలే కదా మేస్త్రిగారూ. ఏ అబద్ధం మేలు?"

జకరయ్యకు వాదన అంటే గిట్టదని కాదు. వాదించే మనిషి చేతిలో పని పెట్టడం ఆయన అలవాటు. బకెట్టు నీళ్ళలో నానుతున్న గరుకు కాగితం ముక్క ఒకటి పిండి ఆమె చేతికిచ్చాడు. "ముందు ఆ ఫియట్‌కి కన్ను తెరువు," అన్నాడు.

కన్ను తెరవడం ఆ షెడ్డులో పుట్టిన మాట. కారు మీద ఒకచోట, అరచేతిలో పట్టేంత మేర, గుండ్రంగా రుద్దుతూ పోతే, ఇన్నేళ్ళుగా దానికి వేసిన రంగులన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడతాయి. పైపూత అన్నిటికన్నా బయటి వలయం. మొదటి రంగు నడిమధ్యకు దగ్గర. మధ్యలో ఉత్త ఇనుము.

ఆ ఫియట్‌ను లారీ మీద ఎక్కించి తెచ్చిన మనిషి పేరు హైమావతి. బాపట్లలో ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా చేసి రిటైరయింది. పెళ్ళిళ్ళకు అద్దెకు తిరుగుతున్న ఆ తెల్ల కారును చీరాల బజారులో చూసి, నంబరును బట్టి గుర్తుపట్టి, అమ్మేదాకా కారు వాళ్ళ ప్రాణం తీసి కొనుక్కుంది. డ్రైవింగు రాదు. "ఇది మా ఊరి డాక్టరు సుదర్శనరావు గారిది," అని చెప్పింది వచ్చిన రోజున. "ఆయన పోయాక ఎవరెవరి చేతులు మారిందో. అప్పట్లో పచ్చగా ఉండేది. మళ్ళీ అలా చేసి పెట్టండి. ఇంజను సంగతి మీ ఇష్టం, రంగు మాత్రం కుదరాలి. కుదరకపోతే అది ఎవరి కారో."

"డాక్టరు గారు మీకేమవుతారండీ?" అని అడిగింది ప్రసూన.

"ఏమీ కారు."

నవ్వు రావలసిన మాటే. షెడ్డులో ఎవరికీ రాలేదు.

సరే, ప్రసూన కన్ను తెరిచింది. తెలుపు కింద నిగనిగలాడే ఆకుపచ్చ, దాని కింద లేత పసుపు, ఆ కింద ఎర్రటి ప్రైమరు. ఆకుపచ్చ కనపడగానే ఆమెకు పని తేలికైపోయింది. ఆవిడ పచ్చ అంది, ఇదిగో పచ్చ, ఇక చర్చ ఏముంది? కారు మీద చేయి పెట్టకముందు నమూనా చూపాలని మేస్త్రి నియమం కాబట్టి, మూలన పడి ఉన్న ఒక పాత డోరు తీసుకుని, సొట్టలు సరిచేసి, ఆ ఆకుపచ్చనే పూత మీద పూతగా కొట్టి, హైమావతికి కబురు పెట్టింది. ఆవిడ పొద్దున రైలుకే వచ్చి డోరును కింది నుంచి పైదాకా చూసింది.

"ఇదేమిటమ్మాయ్?"

"పచ్చండీ."

"ఇది ఆకుపచ్చ. నేను పచ్చ అన్నాను."

"పచ్చ అంటే ఇదే కదండీ."

"పచ్చ చామంతి ఏ రంగులో ఉంటుంది?" కుట్టు తప్పిన పిల్లను నిలబెట్టి అడిగినట్టు అడిగింది హైమావతి.

"పచ్చ గడ్డి ఏ రంగులో ఉంటుంది టీచరుగారూ?"

"ఇద్దరూ గెలిచారు," అన్నాడు జకరయ్య, స్ప్రే గన్ను కడుక్కుంటూ. "ఓడింది డోరు."

ఎవరిని తప్పు పట్టాలి? పసుపును, ఆకును ఒకే మాటలో కట్టిపెట్టిన భాష మనది. దానిలో ఒక కొసను ఒకరు, రెండో కొసను ఒకరు పట్టుకుని, మనం ఒకే సంగతి మాట్లాడుకుంటున్నామని ఎంత కాలమైనా నమ్మగలం.

పైకి మొహం ముడుచుకుంది కానీ ప్రసూనకు లోపల సంతోషమే. పసుపే ఆ కారు మొదటి రంగు. ఫ్యాక్టరీ చెప్పేదీ, కళ్ళారా చూసిన మనిషి చెప్పేదీ ఒకటే అయితే ఇక తనకు పేచీ లేదు. డాష్‌బోర్డు విప్పి, ఎండ కన్నెరగని చోట ఇంకా తాజాగా ఉన్న పసుపును పట్టుకుంది. దానికి సరిగ్గా సరిపోయేదాకా కలిపింది, పారబోసింది, మళ్ళీ కలిపింది. డోరు మీది ఆకుపచ్చను గీకేసి పసుపు కొట్టింది. ఆరాక తడి గరుకు కాగితంతో రుద్ది, పాలిషు పట్టి, దువ్వెన పెట్టుకుంటే తల దువ్వుకోవచ్చు అనిపించేదాకా వదల్లేదు. ఇంత మెరుపు ఫ్యాక్టరీ వాళ్ళు కలలో కూడా ఎరగరని ఆమెకు తెలుసు. మెరుపు దగ్గర మాత్రం చేతులు ఆగలేదు.

ఈసారి హైమావతి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. షెడ్డులో ట్యూబులైటు కింద డోరు ముందు చాలాసేపు నిలబడింది. అవునని అనడానికే వచ్చినట్టుంది పాపం, నోరు రాలేదు.

"పచ్చే. కానీ ఇది కాదు," అంది చివరికి. "ఇంత పాలిపోయి ఉండేది కాదు. కాస్త తేనె కలిసినట్టుండేది."

"ఎండ తగలని చోటు నుంచి తీసిన రంగండీ ఇది. కారు ఏం చెప్పిందో అదే వేశాను. మీకే సరిగా గుర్తులేదేమో."

జకరయ్య పని ఆపి తలెత్తాడు. హైమావతి కొంగు అంచును వేళ్ళతో మడత పెడుతూ, "అదొక్కటే సరిగా గుర్తుందనుకున్నానమ్మా," అంది.

మాట వెనక్కి తీసుకోవడం ప్రసూనకు రాదు. గెలవడం ఒక్కటే వచ్చు. డోరును రెండు చేతులా ఎత్తి, "ఈ లైటు కింద ఏదైనా పాలిపోయే కనిపిస్తుంది. బయటికి రండి, చూపిస్తాను," అంటూ రోడ్డు మీదికి తీసుకెళ్ళి ఎదురుగా లేతు మిషను షాపు గోడకు ఆనించింది. వీధి చివర నుంచి సూర్యుడు వాలుగా కొడుతున్నాడు. లారీలు రేపిన దుమ్ము ఆ వెలుగులో తేలుతోంది. డోరు మీది లేత పసుపు చూస్తుండగానే ముదిరి, పండి, మెల్లగా తేనెలోకి దిగింది.

వెనకే వస్తున్న హైమావతి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఇదే," అంది. ఎవరూ అడగకుండానే మళ్ళీ తనే చెప్పింది. "మా బడి వదిలే వేళకు ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళేవారు. గేటు దగ్గర నిలబడితే, కారు మలుపు తిరుగుతూ ఇలాగే కనిపించేది."

"ఆపేవారా?" ప్రసూన గొంతులో ఇప్పుడు పంతం లేదు.

"ఎందుకాపుతారు? నేను చెయ్యెత్తితే కదా."

కాసేపటి క్రితం ఫ్యాక్టరీ మీద ఒట్టేసిన ప్రసూనే, ఇప్పుడు ఆ ఫ్యాక్టరీని గాలికొదిలేసింది. "దీనిలో కొంచెం ఇటుక రంగు కలుపుతానండీ. మిట్టమధ్యాహ్నమైనా, వాన పడుతున్నా మీకు ఇలాగే కనిపిస్తుంది. ఎప్పుడు చూసినా ఇదే వేళ."

హైమావతి ముఖంలోకి వచ్చిన ఆశను చూడలేక ప్రసూన డోరు వైపు తిరిగింది. "అలా చేయొచ్చా మేస్త్రిగారూ?" అని అడిగింది హైమావతి.

"చేయొచ్చమ్మా," అన్నాడు జకరయ్య. "అప్పుడు ఈ వేళకు మాత్రం ఇలా ఉండదు. ఇంకా ముదిరిపోతుంది."

హైమావతి ఆలోచించింది. దూరంగా ఎవరో బోల్టు మీద సుత్తితో కొడుతున్నారు. అది ఆగాక అంది, "వద్దులెండి. ఉన్న రంగే వేయండి. ఈ వేళకే చూసుకుంటాను. నాకు అలవాటే."

వెళ్ళబోతూ, ఏమనుకుందో, రోడ్డు దాటి డోరు దగ్గరికి వెళ్ళింది. వంగింది. చాచిన చేయి, ఆ మెరుపులో తన నీడను చూసి వెనక్కి వచ్చింది. "ఇందులో నేను కనిపిస్తున్నానే," అంది.

"అప్పుడు ఇంత మెరిసేది కాదా అండీ? గరుకుగా ఉండేదా?" ప్రసూన పక్కనే నిలబడి అడిగింది. "ఎలా ఉండేదో చెప్పండి. అచ్చం అలాగే చేస్తాను."

"ఏమోనమ్మా," అంది హైమావతి. "అంత దగ్గరికి నేనెప్పుడు వెళ్ళాను?"

ఆవిడ స్టేషనుకు ఆటో ఎక్కింది. ప్రసూన డోరును లోపలికి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టింది. ట్యూబులైటు కింద అది మళ్ళీ లేత పసుపైపోయింది. రంగు తేలింది. అడిగిన ప్రశ్నలో సగం ఇంకా అలాగే ఉంది. చేతిలో గరుకు కాగితం పట్టుకుని, రుద్దనూ లేక, పడేయనూ లేక ఆమె మేస్త్రి వైపు తిరిగింది.

"మెరుపు సంగతి ఏం చేయమంటారు? తగ్గించనా, ఉంచనా? చెప్పడానికి దగ్గర నుంచి చూసినవాళ్ళే లేరు."

జకరయ్య థిన్నరులో తడిపిన గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, ఆమె చేతిలోని గరుకు కాగితం తీసి బకెట్టులో వేశాడు.

"ఈసారి ఆవిడ దగ్గరికి వస్తుంది కదా తల్లీ," అన్నాడు.