గురువులు తాత ఉతికిన తపాలా బిళ్ళలు

అనగనగనగా, రోజుకు రెండు రైళ్ళు మాత్రమే ఆగే ఒక ఊళ్ళో, గురువులు అని ఒక తాత ఉండేవాడు. ఊ కొట్టు మరి. నువ్వు ఊ కొడితేనే కథ నడుస్తుంది.

ఆ తాత బట్టలు ఉతికేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళ బట్టలు ఏటి ఒడ్డున ఆయన రేవుకే వచ్చేవి. పసుపు మరక, వక్క మరక, జీడిమామిడి మరక, ఏదైనా సరే, ఆయన చేతిలో పడితే మిగిలేది కాదు.

మరకలు వదిలినా తాత మొండితనం మాత్రం వదిలేది కాదు. అరవై ఏళ్ళు దాటాక రాత్రి బడిలో చేరాడు. "పేరేమో గురువులు, అక్షరం ముక్క రాదు" అని బడిలో పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళు రెండు నెలలకే బడి మానేశారు. తాత మాత్రం ఉత్తరం మీద చిరునామా కూడబలుక్కుని చదివేదాకా వదల్లేదు.

ఆ తాతకు ముత్యాలు అని ఒక మనవరాలు. పదకొండు నిండి పన్నెండో ఏడు నడుస్తోంది. రేవులో బట్టలు ఉడికే బాన కింద చల్లారిన బొగ్గు తీసుకుని, ఉతికే బండ మీద పిట్టల బొమ్మలు వేసేది. కొంగ వేసేది. లకుముకి పిట్ట వేసేది. అప్పుడు తాత తడిబట్ట తెచ్చి ఆ బండ మీదే బాదేవాడు. బొమ్మ పోయేది.

"పోయే బొమ్మ ఎందుకే వేస్తావు?" అనేవాడు తాత.

"పిట్ట కూడా ఎగిరిపోద్ది కదా తాతా" అని ఇంకోటి వేసేది ముత్యాలు.

ఆ ఊళ్ళో దమయంతి పంతులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆదివారం పూట గ్రంథాలయం వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి హాబీ క్లబ్బు నడిపేది. హాబీ అంటే ఏమిటంటావా? ఎవరూ చెప్పకుండానే మనం ఇష్టంగా చేసే పని. ఒకడు గాలిపటాలు కట్టేవాడు. ఒకతె గవ్వలు ఏరేది. ముత్యాలు పిట్టల్ని గీసేది.

ఇష్టమైన పని బాగా నేర్చుకోవాలంటే పై ఊరు వెళ్ళాలి. వెళ్ళడానికి పిల్లల దగ్గర డబ్బెక్కడిది? అప్పుడు పంతులమ్మ ఒక ఉపాయం చేసింది. ఊళ్ళో అందరినీ, వచ్చిన ఉత్తరాల మీది తపాలా బిళ్ళలు పారేయకుండా ఇమ్మని అడిగింది. వాడేసిన బిళ్ళలే. ఏడాదికోసారి విశాఖపట్నం నుంచి ఖాదర్ సాయిబు వచ్చి, వాటిని తూకం వేసి కొనుక్కుపోయేవాడు. ఆ డబ్బుతో ఒక పిల్లనో పిల్లాడినో పంపేవాళ్ళు. దాన్ని స్కాలర్‌షిప్పు అనేవాళ్ళు.

ఆ ఏడు ముత్యాలు వంతు వచ్చింది. పెద్ద చెరువు పక్కన పది రోజులు ఉంచి, పిట్టల్ని చూసి బొమ్మలు వేయడం నేర్పే చోటు ఒకటుంది. కానీ పన్నెండు నిండినవాళ్ళను అక్కడ చేర్చుకోరు. "రెండు కిలోల బిళ్ళలు పోగవ్వాలి. వచ్చే ఏడంటే కుదరదు" అంది పంతులమ్మ.

పిల్లలు మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగారు. ఒక సంచీ నిండింది. అప్పుడేమో వాన పట్టుకుంది. గ్రంథాలయం కప్పు కారుతోందని పంతులమ్మ ఆ సంచీ తెచ్చి, "పొడిగా దాచు తాతా, సాయిబు గారు వచ్చేదాకా" అని గురువులు తాత చేతికి ఇచ్చింది.

తాత సంచీ విప్పి చూశాడు. చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. ప్రతి బిళ్ళ మీదా నల్లటి మరక. గుండ్రంగా కొన్ని, అలికినట్టు కొన్ని.

"ఇన్ని మరకలతో నా ఇంట్లోంచి సరుకు బయటికి పోతే, ఊళ్ళో నా పరువేం గాను" అన్నాడు.

నవ్వకు. నవ్వితే నిద్ర ఎగిరిపోతుంది.

మొదట కుంకుడు రసంలో నానబెట్టాడు. కాగితం ఊడింది, మరక సగం పోయింది. ఆ తర్వాత, బట్టల మురికి వదిలించే సౌడు మట్టి కలిపిన నీళ్ళలో వేశాడు. ఇంకొంచెం పోయింది. ఆ తర్వాత ఒక్కొక్క బిళ్ళ మీదా నిమ్మచెక్కతో, పసిపిల్లకి నలుగు పెట్టినంత మెల్లగా రుద్దాడు. మరకన్నది లేకుండా పోయింది. పాత పంచె మీద ఆరబెట్టి, గోరువెచ్చని ఇస్త్రీ కూడా చేశాడు.

ఖాదర్ సాయిబు వచ్చిన రోజున ఉతికిన బట్టల మూట ఒక భుజాన, బిళ్ళల సంచీ ఒక భుజాన వేసుకుని తాత క్లబ్బుకు వెళ్ళాడు. ముత్యాలు వెనకే గంతులేస్తూ వెళ్ళింది.

సాయిబు ఒక బిళ్ళ తీసి చూశాడు. ఇంకోటి చూశాడు. మూడోది చూసి సంచీ మూతి కట్టేశాడు.

"వీటిని ఎవరు కడిగారు?"

"నేనే బాబూ. ఒక్క మరక ఉంటే చూపించు."

"అదే కదా తాతా వచ్చిన చిక్కు. ఆ నల్లది మరక కాదు, తపాలావాళ్ళ ముద్ర. ఏ ఊళ్ళో, ఏ రోజున వేశారో అందులో ఉంటుంది. దాచుకునేవాళ్ళకి అదే కావాలి. పైగా ముద్ర చెరిపిన బిళ్ళలు నా దగ్గర దొరికితే, మళ్ళీ అంటించి వాడేస్తున్నానని నన్ను పట్టుకుంటారు."

"మరక వదిలించడం కూడా తప్పేటి?" అన్నాడు తాత మొండిగా.

అప్పుడు సాయిబు ఆయన మూటలోంచి ఒక చొక్కా తీశాడు. కాలరు వెనక జీడిగింజ రసంతో పెట్టిన రెండు చుక్కలు, ఒక గీత చూపించాడు. "మరి ఇదేమిటి?"

"అది మా గుర్తు. ఎవరింటి బట్టో తెలియొద్దూ?"

"దీన్నెప్పుడైనా వదిలించావా?"

తాత తన చెయ్యి చూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా గుర్తులు పెట్టిన చెయ్యి అది. ఆ చేత్తోనే ఇన్ని గుర్తులు తుడిచేశాడు.

సాయిబు మంచివాడు. "శ్రీకాకుళం దాకా వెళ్ళి ఎనిమిదో రోజున ఈ దారినే తిరిగొస్తాను. ఈలోగా మళ్ళీ పోగవుతాయేమో చూడండి" అన్నాడు.

"మూడు నెలలు పట్టింది, ఎనిమిది రోజుల్లో ఎలా?" అంది పంతులమ్మ. "పోనీలే తాతా, నేనే ఎవరినైనా అడిగి..."

"ఎవరినీ అడగొద్దు. ఉతికింది నేను. తెచ్చేదీ నేనే."

ముత్యాలు ఏడవలేదు. తాతను ఒక్క మాట అనలేదు. రేవుకు వెళ్ళి బండ మీద కూర్చుంది. బొగ్గు మాత్రం ముట్టుకోలేదు. అది చూసి తాతకు అన్నం దిగలేదు.

అప్పుడు తాత ఇంట్లో మూల ఉన్న ఓటి బానను ముందుకు లాగాడు. అందులో ఏముందో తెలుసా?

బట్టలు తడిపే ముందు జేబులు తడిమి చూడటం ఆ ఇంటి అలవాటు. దొరికిన కాగితాలన్నీ తాత భార్య సన్నెమ్మ ఒక బుట్టలో వేసేది. సాయంత్రానికి అన్నీ కలిసిపోయేవి. ఏది ఎవరిదో చూడటానికి తాతకు చదువు రాదు. చదువు రాదని చెప్పి ఎవరినైనా అడగడానికి మనసు రాదు. అందుకని బానలో పడేసేవాడు. చదువు వచ్చాకేమో, ఇన్నేళ్ళ ఉత్తరాలు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇవ్వాలని మూత తియ్యలేదు.

"ఇప్పుడిస్తే నవ్వుతారేమోనే" అన్నాడు సన్నెమ్మతో.

"నవ్వనీ. ఆ పిల్ల నవ్వి రెండు రోజులైంది" అంది సన్నెమ్మ.

తాత ఒక్కొక్క కవరూ వెలుతురుకు పట్టి పేరు చదివాడు. తర్వాత బయలుదేరాడు.

మొదట మిఠాయి కొట్టు నూకరాజు ఇంటికి వెళ్ళాడు. "బాబూ, ఇది మీ జేబులో దొరికింది. అప్పట్లో నాకు చదువు రాదు. ఉత్తరం మీరుంచుకుని, బిళ్ళ మాత్రం పిల్లల సంచీలోకి ఇప్పించండి" అన్నాడు. నూకరాజు చదివి పగలబడి నవ్వాడు. నవ్వింది తాతను చూసి కాదు. అది పెళ్ళికి ముందు ఆయన భార్య రాసిన ఉత్తరం. "మీ మిఠాయిలో తీపి తక్కువ" అని ఉంది. "ఇప్పటికీ అదే మాటంటుంది తాతా" అన్నాడు.

ఆ తర్వాత స్టేషన్లో టికెట్లిచ్చే ఆచారి గారింటికి వెళ్ళాడు. ఆయన భార్య కామేశ్వరమ్మ ఉత్తరం అందుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. అది వాళ్ళక్క రాసింది. తనకు జబ్బు చేసినా అక్క ఉత్తరం ముక్క రాయలేదని పదకొండేళ్ళుగా ఆవిడ అక్కతో మాట్లాడటం లేదు. అక్క రాసింది. ఆచారి గారు జేబులో పెట్టుకుని మరిచిపోయారు. "ఈయన్ని తర్వాత చూస్తాను. ముందు అక్కకి ఉత్తరం రాయాలి. ఒక కార్డు కొనిపెట్టవా గురువులూ?" అంది. తాత పరుగున వెళ్ళి తెచ్చాడు.

ఆ తర్వాత కంపౌండరు సత్యం గారింటికి వెళ్ళాడు. ఆయన కవరు చూసి తల పట్టుకున్నాడు. మరదలి పెళ్ళికి సెలవు కావాలని పై అధికారికి తను రాసుకున్న అర్జీ అది. తపాలా పెట్టెలో వేయడం మరిచి చొక్కా విప్పేశాడు. "జవాబివ్వలేదని ఆయన్ని ఎన్నేళ్ళు తిట్టుకున్నాను తాతా. సరే, బిళ్ళ కావాలన్నావుగా, తీసుకో."

తాత ఆ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని మీద ముద్ర లేదు. ఇది నాకొద్దు" అని తిరిగి ఇచ్చేశాడు. చూశావా, ఎంత నేర్చుకున్నాడో.

ఇలా ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గడప దగ్గరా "అప్పట్లో నాకు చదువు రాదు" అనే మాట చెప్పాడు. మొదట తల వంచుకుని చెప్పేవాడు. పోను పోను మామూలైపోయింది. పోయిన ఉత్తరం దొరికినవాళ్ళు ఊరుకుంటారా? లోపలికి వెళ్ళి, ఇనుప తీగకు గుచ్చి దాచుకున్న పాత ఉత్తరాలన్నీ తెచ్చారు. తాత ఒక్క బిళ్ళ కూడా పీకలేదు. ముద్ర చెడకుండా, చుట్టూ వేలెడు కాగితం ఉంచి కత్తెరతో కోశాడు. తీసుకోవలసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో లేని ఉత్తరాలను మాత్రం మళ్ళీ బానలోనే ఉంచాడు.

ఎనిమిదో రోజున ఖాదర్ సాయిబు వచ్చాడు. సంచీ విప్పి, తూకం సంగతే మరిచి చూస్తూ కూర్చున్నాడు. "ఈ ముద్ర వేసిన తపాలా ఆఫీసు ఎత్తేసి పాతికేళ్ళయింది. ఇలాంటివి నాకు మళ్ళీ దొరకవు" అని కొన్ని విడిగా తీసి పెట్టుకున్నాడు. మిగిలినవే రెండు కిలోలు దాటాయి.

ముత్యాలు తాత నడుం పట్టుకుని వదల్లేదు. మర్నాడే బండ మీద లకుముకి పిట్ట మళ్ళీ వాలింది. ఆ రోజు తాత పక్క బండ మీద బట్టలు ఉతుక్కున్నాడు.

తర్వాత ముత్యాలు రైలెక్కింది. అయిదో రోజున తాతకు ఒక కవరు వచ్చింది. తన పేరున ఉత్తరం రావడం ఆయనకు అదే మొదటిసారి. ఆదివారం క్లబ్బు పిల్లలు వచ్చి బిళ్ళ అడిగారు. "ఊరందరివీ ఇచ్చాను. ఇది ఇవ్వను" అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు రేవులో, సన్నెమ్మ ఆ చొక్కా నీళ్ళలో ముంచబోతూ జేబు తడిమింది. కవరు చేతికి తగిలింది.

"ఊరందరి జేబులూ తడుముతావు. నీ జేబు తడుముకోవేటయ్యా?"

"నా జేబులో ఉత్తరం ఉండటం నాకు అలవాటు లేదే" అన్నాడు తాత.

"సరేలే. ఏం రాసిందో చదువు, నేనూ వింటాను."

తాత చేతులు తుడుచుకున్నాడు. బండ మీద కూర్చుని, వేలు పెట్టుకుని చదివాడు.

"తాతా, ఇక్కడ నాకు కాగితం మీద బొమ్మలు వేయడం వచ్చేసింది. ఇందులో లకుముకి పిట్ట ఉంది. మరకనుకుని ఉతికేయకు."

కళ్ళు మూసుకో ఇంక. చేతులు దుప్పట్లో పెట్టుకో.

మరక పోయె రేవులోన,
ముద్ర మిగిలె బిళ్ళపైన,
పిట్ట వాలె కాగితాన,
నిద్ర వాలె కంటిపైన.
కథ వెళ్ళె కంచి దారి,
మనం వచ్చాం ఇంటి దారి.