ఎండెక్కాక కోసిన గులాబీ

వైద్యురాలు చూడామణమ్మకు ఒక అలవాటుండేది. శిష్యురాలు అడిగిన ప్రశ్నకు ఆ రోజే జవాబు చెప్పేది కాదు. మర్నాడు ఏదో పని పురమాయించి, అందులో వెతుక్కోమనేది. ఊరు దాన్ని పెడసరమంది. మగవాడికుంటే జ్ఞానమనేది.

ఆ సాయంత్రం విశాలి రాగిబిందె తోముతూ అడిగింది. "అమ్మగారూ, రాజ్యమక్క చేతినిండా వాతలే. బావే పెట్టాడట. రేపొచ్చి తీసుకెళ్తాడు. నాన్నతో చెబుతానంటే అమ్మ నా నోరు మూసింది. 'పురిటికొస్తుందిగా, అప్పుడు చూద్దాం' అంటోంది. నిజం ఎప్పుడు చెప్పినా నిజమేగా?"

"తెల్లారకముందే రా," అంది చూడామణమ్మ.

మంచు ఆరకముందు సగం విచ్చిన గులాబీలు ఒక బుట్టెడు కోయించింది. ఎండెక్కాక అవే పొదల్లోంచి మరో బుట్టెడు. మధ్యలో విశాలి ఇంటికెళ్ళొస్తానంటే, పని సగంలో లేవకూడదంది. రెండు బుట్టలకూ వేర్వేరుగా పన్నీరు పట్టించింది.

మొదటి సీసా మూత తియ్యగానే గదంతా ఘుమ్మంది. పైన సన్నగా నూనె తేలింది. రెండోది ఉడికిన ఆకు వాసనేసింది.

"పొద అదే, పువ్వు అదే, కోసిన చెయ్యీ అదే," అంది చూడామణమ్మ. "మొదటిది కంటిమంట తీరుస్తుంది. ఇది గిన్నెలు కడుక్కోవడానికి. మందు ఎండకు ఎగిరిపోయింది."

విశాలికి అర్థమైంది. చేతులైనా తుడుచుకోకుండా లేచింది. గుమ్మంలోనే పాల సోములమ్మ ఎదురైంది.

"ఇంకెక్కడికే పరుగు? మీ అక్క పదింటి బస్సుకే పోయింది. నువ్వొస్తావేమోనని పాపం వెనక్కి తిరిగి తిరిగి చూసింది. 'మెడ పట్టేసిందా?' అని మీ బావ ఎకసెక్కం కూడానూ!"

విశాలి ఆ పూటే తండ్రికి చెప్పింది. "నిన్న చెప్పి ఏడవలేకపోయావా? పంపేసిన పిల్లను వెనక్కి పిలిస్తే ఊరు నవ్వదూ?" అన్నాడాయన. ఊరు నవ్వకుండా కాపాడుకున్నాడు. రాజ్యం పురిటికి రాలేదు. ఏడో నెలలో చావుకబురొచ్చింది.

నెల తర్వాత విశాలి మళ్ళీ పనిలోకొచ్చింది. ఏమీ అడగలేదు. చూడామణమ్మ అలమరలోంచి ఆ రెండో సీసా తీసి, చాలాసేపు వాసన చూసింది.

"ఆ బుట్ట కోసింది నువ్వు కాదే," అంది. "నేను."