ముందెవరు అరవాలి?

రండర్రా, అందరూ ఇటు జరగండి. వేరుశనక్కాయలు నములుతూ వినొచ్చు, తొక్కలు మాత్రం నా చొక్కా మీద వెయ్యకూడదు. సరేనా? ఇక మొదలుపెడతా.

అనగనగా ఒక అడవి. అది మన మేడ ఇల్లు లాంటిదే అనుకోండి. పై అంతస్తులో కొండముచ్చులు ఉండేవాళ్ళు. నల్లమూతులు, బారెడేసి తోకలు. కింది అంతస్తులో దుప్పులు ఉండేవాళ్ళు. ఒంటినిండా తెల్లచుక్కలు, మగవాళ్ళకి కొమ్ములు.

పైవాళ్ళు ఏదీ పూర్తిగా తినరు. సగం కొరికి సగం కింద పడేస్తారు, మన బుజ్జిగాడిలాగే. ఆ పడేసింది కిందివాళ్ళకి భోజనం. ఇక చిరుతపులి వచ్చిందనుకోండి, పైవాళ్ళకి దూరం నుంచే కళ్ళకి కనిపించేది. కిందివాళ్ళకి ముక్కుకి తెలిసేది. ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు అరిచేవాళ్ళు. పైవాళ్ళయితే "ఖర్ర్! ఖఖర్ర్!" అనేవాళ్ళు. కిందివాళ్ళయితే కాలు నేలకేసి కొట్టి "క్యావ్!" అనేవాళ్ళు. ఎవరు అరిచినా అందరూ పరుగే. పాపం, చిరుతకి రోజూ పస్తే.

అలాంటిది, ఒకనాడు గొడవ వచ్చింది. ఎందుకొచ్చిందో ఇద్దరూ రెండు రకాలుగా చెబుతారు. "దుప్పులు కొమ్ములతో మా చెట్ల బెరడు గీకి ఎండబెట్టేశాయి" అని పైవాళ్ళు. "కొండముచ్చులు పైనుంచి మా నెత్తిమీద ఉచ్చ పోశాయి" అని కిందివాళ్ళు. నవ్వకండర్రా, నిజానికి రెండూ జరిగాయి.

అంతే, మాటలు బంద్. పైవాళ్ళు కొరికిన పండు కింద పడెయ్యకుండా చేతిలో పట్టుకుని, ఏటి దాకా మోసుకెళ్ళి నీళ్ళలో పడేసేవాళ్ళు. ఎంత కష్టమైనా సరే, కిందివాళ్ళకి మాత్రం దక్కకూడదు! కిందివాళ్ళు చిరుత వాసన వస్తే గప్‌చుప్‌గా తమవాళ్ళని తీసుకుని పోయేవాళ్ళు. అరుపు లేదు.

చిరుతకి పండగ! పైన ఒకటి, కింద ఒకటి తిని తిని వాడికి మెడ ఎక్కడుందో, నడుం ఎక్కడుందో తెలియకుండా పోయింది.

అప్పట్లో దుప్పులకి పెద్ద నూకమ్మ అనే ఆడ దుప్పి. కొండముచ్చులకి పెద్ద లచ్చయ్య. గొడవల కాలంలోనే నూకమ్మ మొదటి పిల్లని చిరుత ఎత్తుకుపోయింది. చిరుత వస్తుంటే లచ్చయ్య పైనుంచి చూశాడు. చూసి నోరు మూసుకున్నాడు. ఆనాటి నుంచి అతనికి ఏ పండు నోట్లో పెట్టుకున్నా సయించేది కాదు. నూకమ్మకి ఈమధ్యే ఇంకో పిల్ల పుట్టింది. కాళ్ళింకా సరిగ్గా నిలవవు. దాన్ని గడ్డిలో దాచి మేతకి వెళ్ళేది. వెళ్ళిందన్న మాటే కాని, మనసంతా గడ్డిలోనే.

అందుకే ఇద్దరూ "రాజీ పడదాం" అన్నారు.

మధ్యవర్తిగా గూడబాతు గారిని పిలిచారు. ఆయన చలికాలంలో పరదేశం నుంచి ఎగిరొచ్చే పెద్దమనిషి. గడ్డం కింద సంచీ, సంచీలో చేపలు. ఒక చేప మింగితే కాని ఒక మాట రాదు.

మొదటి సభ. గూడబాతు గారు గొంతు సవరించుకుని, "గౌరవనీయులైన పై వర్గం వారూ, కింది వర్గం వారూ" అన్నారో లేదో, వీరాస్వామి అనే మగ దుప్పి కొమ్ములు విసిరాడు. నూకమ్మని దించి తానే పెద్ద కావాలని వాడికి ఎప్పటినుంచో ఆశ.

"ఎవరండీ కింది వర్గం? మమ్మల్ని కింద అంటారా?"

ఆ రోజు సభ అక్కడితో సరి.

రెండో సభ. చిరుతని ఏమని పిలవాలి? "మచ్చలోడు అందాం" అని కొండముచ్చులు. "మాకూ మచ్చలున్నాయి, మమ్మల్ని అంటున్నారా?" అని దుప్పులు. "పోనీ, పొడుగుతోకోడు అందాం" అని దుప్పులు. "అది మమ్మల్ని అన్నట్టే!" అని కొండముచ్చులు. పొద్దు గుంకేదాకా వాదించుకుని, చివరికి ఒప్పందంలో 'సంబంధిత జంతువు' అని పెట్టుకున్నారు.

ఈ సంగతి తెలిసి చిరుత పొంగిపోయిందట. "నన్ను ఇంత మర్యాదగా ఎవరూ పిలవలేదు" అందట.

మూడో సభ అసలు సభ. ప్రమాదం వస్తే ముందు ఎవరు అరవాలి?

"మా కూతే ముందు" అన్నాడు సూరిబాబు. ఇతను పైవాళ్ళలో లచ్చయ్యకి పోటీ. "మేం పైనుండేవాళ్ళం. మొదటి స్థానం మాది."

"కాదు, మాదే ముందు" అన్నాడు వీరాస్వామి.

రెండు రోజులు కొట్టుకున్నారు. విసిగిపోయి దుప్పులు సరేనన్నారు. పైవాళ్ళదే ముందు. మరునాడు సూరిబాబు తన వాళ్ళ దగ్గరికెళ్ళి ఏమన్నాడో తెలుసా?

"చూశారా ఈ లచ్చయ్య చేసిన పని! ముందు అరవడమంటే కాపలా కాయడం. మనం కాపలావాళ్ళం, వాళ్ళు దొరలూనా?"

"అదేమిట్రా, ముందు కావాలని అడిగింది నువ్వే కదా!" అన్నాడు లచ్చయ్య.

"నేను అడిగితే మాత్రం నువ్వు ఇప్పించెయ్యడమేనా?" అన్నాడు సూరిబాబు.

అది విని కింద వీరాస్వామి కూడా అందుకున్నాడు. "మేమెందుకు ముందు అరుస్తాం? మేమేం మీ జీతగాళ్ళమా?" ఇప్పుడు ఇద్దరికీ వెనకే కావాలి!

గూడబాతు గారు ఓ పెద్ద చేప మింగి తీర్పు చెప్పారు. "ఇద్దరూ ఒక్కసారే అరవాలి. ఒకరు ముందు, ఒకరు వెనక ఉండకూడదు. ఎవరైనా ముందు అరిస్తే ఒప్పందం రద్దు."

అందరూ తోకలు ఊపారు. భలే, ఎవరి పరువూ పోలేదు!

కాపలా మొదటి రోజు వచ్చింది. పైన ఇప్పచెట్టు కొమ్మ మీద లచ్చయ్య. పక్కన, తప్పు పట్టడానికి సూరిబాబు. చెట్టు మొదట్లో దుప్పుల తరఫున వీరాస్వామి. నూకమ్మే నిలబడేది, కాని "ఆవిడ పైవాళ్ళకి లోకువ" అని పేచీ పెట్టి వీరాస్వామే వచ్చాడు. కాస్త దూరంలో మంద మేస్తోంది. గూడబాతు గారు ఏటి ఒడ్డున కూర్చుని ఒప్పందం ఎలా నడుస్తుందో చూస్తున్నారు.

కాసేపటికి వావిలి పొద కదిలింది. లచ్చయ్య కళ్ళు చిట్లించి చూశాడు. చిరుత! పొట్ట నేలకి రాసుకుంటూ గడ్డి వైపు పోతోంది. ఆ గడ్డిలోనే నూకమ్మ పిల్ల పడుకుని ఉంది.

"వీరాస్వామీ! వచ్చేశాడు! రా, కలిసి అరుద్దాం!" అన్నాడు లచ్చయ్య గుసగుసగా.

వీరాస్వామి ముక్కు ఎగబీల్చాడు. గాలి అటునుంచి ఇటు రావడం లేదు, ఇటునుంచి అటు పోతోంది.

"నాకు వాసన రాలేదే."

"నాకు కనిపిస్తున్నాడయ్యా! అదిగో, పొద పక్కన!"

"చూడడం మీ పద్ధతి. వాసన మా పద్ధతి. మా పద్ధతిలో రానిదే నేను అరవను. నేను అరవనిదే నువ్వు అరవకూడదు."

"పిల్ల చచ్చిపోతుందిరా! మీ పిల్లే!"

"పిల్ల మాదే. పరువూ మాదే."

లచ్చయ్య నోరు తెరవబోయాడు. సూరిబాబు అతని తోక పట్టుకున్నాడు.

"మావా, ఆలోచించుకో. అరిచావంటే మన జాతిని కాపలాకి పెట్టినట్టే. సాయంత్రానికి నీ పెద్దరికం ఉండదు."

చిరుత ఇంకొంచెం దగ్గరికి జరిగింది. గడ్డిలో రెండు చిన్న చెవులు కదిలాయి. ఇంతకుముందు ఇలాగే రెండు చెవులు కదలడం చూశాడు లచ్చయ్య. చూసి నోరు మూసుకున్నాడు.

ఈసారి మూసుకోలేదు.

"ఖర్ర్! ఖఖర్ర్! ఖర్ర్!"

అడవంతా మారుమోగింది. మంద తలలెత్తింది. కాని ఒక్కరూ కదల్లేదు! అందరూ నూకమ్మ వంక చూస్తున్నారు. పైవాళ్ళ కూతకి పరిగెడితే రేపు వీరాస్వామి ఏమంటాడో అందరికీ తెలుసు.

నూకమ్మ ఎవరి వంకా చూడలేదు. ఒక్క దూకు దూకింది. గడ్డిలోకి పోయి, పిల్లని మూతితో లేపి నెట్టింది. ఆమె కదలగానే మందంతా కదిలింది. పిల్ల రెండడుగులు వేసి పడింది, లేచింది, మళ్ళీ పడింది. చిరుత పంజా ఎత్తింది. అంతలో పైనుంచి ఠప్‌మని ఒక వెలగకాయ వచ్చి దాని నెత్తిన పడింది. ఆ వెనకే ఇంకోటి. లచ్చయ్య పక్కనున్న వెలగచెట్టు మీదికి దూకి, చేతికందినవన్నీ విసిరేస్తున్నాడు.

చిరుత నెత్తి తడుముకునేలోగా తల్లీ పిల్లా పొదలు దాటేశారు.

"ఇది అన్యాయం!" అని అరిచింది చిరుత. "ఇద్దరూ కలిసి అరవాలని కదా ఒప్పందం! కాయలు విసరాలని ఎక్కడుంది?"

గూడబాతు గారు ఆలోచించి, "సంబంధిత జంతువు గారు చెప్పింది సబబే" అన్నారు.

ఇంతకీ వీరాస్వామి ఏమయ్యాడంటారా? అప్పటికి గాలి తిరిగింది, వాసన వచ్చింది. పద్ధతి ప్రకారం "క్యావ్" అనబోయి, వెనక్కి తిరిగి చూస్తే ఒక్కడే మిగిలాడు. పరుగు లంకించుకున్నాడు. తోక కొస వెంట్రుకలు మాత్రం చిరుత పళ్ళలో ఉండిపోయాయి.

సాయంత్రం పైన సభ, కింద సభ. సూరిబాబు పైన, "లచ్చయ్య మన పరువు తీశాడు, దిగిపోవాలి" అన్నాడు. వీరాస్వామి కింద, "నూకమ్మ మన పరువు తీసింది, దిగిపోవాలి" అన్నాడు. రెండూ ఒకే ఉపన్యాసం. రెండు చోట్లా తోకలు లేచాయి. ఇద్దరి పదవులూ పోయాయి.

సూరిబాబు కింది కొమ్మ మీద నిలబడి గెలుపు ఉపన్యాసం ఇస్తున్నాడు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. వెనక మానుని పట్టుకుని, ఆకలితో, నెత్తిన బొప్పితో ఎవరెక్కుతున్నారో ఒక్కరూ చూడలేదు.

"సోదరులారా! కిందివాళ్ళ కూతకి మనం ఏనాడూ..."

"క్యావ్!" అంది కింద నూకమ్మ, కాలు నేలకేసి కొట్టి. ఆమెకి వాసన వచ్చింది. పదవి పోయినా ముక్కు పోలేదు కదా!

అందరికంటే ముందు చెట్టు చిటారుకి చేరింది ఎవరో చెప్పండి? సూరిబాబే! కొండముచ్చులన్నీ కొమ్మలకి ఎగబాకాయి. అంత ఒళ్ళుతో ఇంకెక్కలేక చిరుత ధబ్‌మని కిందపడి, కుంటుకుంటూ పోయింది.

"ఏం బాబూ, కిందివాళ్ళ కూతకి ఎక్కావే?" అని అడిగింది ఒక ముసలి కొండముచ్చు.

"నేనెక్కలేదు పిన్నీ, నా కాళ్ళు ఎక్కాయి" అన్నాడు సూరిబాబు.

రద్దయిన ఒప్పందాన్ని మాత్రం మళ్ళీ ఎవరూ ఖాయం చెయ్యలేదు. గూడబాతు గారు "ఘనవిజయం" అని చెప్పి తన దేశం ఎగిరిపోయారు. కొత్త పెద్దలిద్దరూ ఇప్పటికీ రోజూ ఉపన్యాసాలు ఇస్తారు. కాపలా మాత్రం లచ్చయ్య పైన, నూకమ్మ కింద. ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు అరుస్తారు. అరుపు వినబడితే పెద్దలిద్దరూ ఉపన్యాసం సగంలో వదిలేసి మరీ పరిగెడతారు.

ఒకరోజు నూకమ్మ పిల్ల మేస్తూ మేస్తూ తలెత్తింది. పైనుంచి "ఖర్ర్! ఖఖర్ర్!" అని వినబడింది.

"అమ్మా, అది మన కూతా, వాళ్ళ కూతా?"

"ముందు పరిగెత్తవే తల్లీ," అంది నూకమ్మ, "ఆ సంగతి బతికి బయటపడ్డాక మాట్లాడుకుందాం."

నీతి: రాజీ నిలిచేది ఎవరు ముందు, ఎవరు వెనక అని తూకం వేసుకున్నందువల్ల కాదర్రా. తన పెద్దరికం పోయినా సరేనని అవతలివాళ్ళ బిడ్డ కోసం ముందు నోరు తెరిచేవాళ్ళు ఉండబట్టి.