ఊబి మీద గీసిన పచ్చిక

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక్కో జాతికి ఒక్కో బొమ్మల బట్ట ఉండేది. తాతముత్తాతలు ఎక్కడి నుంచి వచ్చారో, ఏం కష్టాలు పడ్డారో, ఎక్కడ తప్పటడుగు వేశారో అంతా ఆ పొడుగాటి బట్ట మీద గీసి ఉంటుంది. ఏటా తొలకరికి గోరింక వచ్చి, బట్ట విప్పి, ఒక్కో బొమ్మనూ ముక్కుతో చూపిస్తూ ఆ కథ పాడుతుంది. పిల్లలంతా చుట్టూ చేరి వింటారు. వాళ్ళకు వేరే బడి లేదు, అదే బడి.

బట్ట చివికిపోతే ఉడుత చంద్రవ్వ దగ్గరకు వెళ్ళి కొత్తది గీయించుకోవాలి. ఆమె తోకే ఆమెకు కుంచె. బొమ్మలన్నీ వేసి, కళ్ళు మాత్రం ఆఖరున దిద్దుతుంది. కళ్ళు దిద్దాక ఒక్క గీత కూడా మార్చకూడదు. అప్పుడు పాత బట్టకు దండం పెట్టి ఏట్లో కలిపేస్తారు.

ఆ అడవిలోని దున్నల మందకు భూమన్న పెద్ద. ఒళ్ళు కొండంత, మనసు మాత్రం ఆవగింజంత. ఒకసారి ఏనుగులు తమ బట్ట విప్పితే చూడ్డానికి వెళ్ళాడు. అందులో ఏనుగుల తాత తొండంతో కొండను నెట్టేస్తున్నాడు.

"మరి మీ బట్టల ఏమున్నది భూమన్నా? తాబేలు ఎనక నడిచిన దున్నలు మీరే కదా!" అంది ఒక ఏనుగు.

అందరూ పకపకా నవ్వారు. భూమన్నకు తల కొట్టేసినట్టయింది.

నవ్వినా, ఏడ్చినా దున్నల కథ అదే మరి! వెనకటి కరువులో మడుగులన్నీ ఎండిపోతే మంద దూరాన ఉన్న పెద్ద ఏటికి బయలుదేరింది. భూమన్న తాత తొందరపడి అందరికన్నా ముందు ఉరికి ఊబిలో దిగబడ్డాడు. ఆయన వెంట ఉరికిన దూడలు మునిగిపోయాయి. ఆయనను మాత్రం ఎలాగో ఒడ్డుకు లాగారు. అప్పుడు ఆ నేల ఎరిగిన తాబేలు ఒకటి ముందు నడిచి, రాళ్ళ దారిన చుట్టూ తిప్పి, మందను నీళ్ళకు చేర్చింది.

ఏనుగులు నవ్విన ఆ ఏడే దున్నల బట్ట చివికిపోయింది. చంద్రవ్వ కొత్త బట్ట పరిచి, పాతదాన్ని చూస్తూ బొమ్మలు దించింది. భూమన్న వచ్చి చూశాడు.

"ఈ తాబేలును తీసెయ్ చంద్రవ్వా," అన్నాడు.

"తీసేస్తె ముందట ఎవరు నడవాలె పటేలా?"

"మా తాత."

"మీ తాత ఈడ ఊబిల ఉన్నడు గదా!"

"ఊబిని తీసెయ్. ఆ దూడలను కూడా తీసెయ్. ఆ జాగల పచ్చిక వెయ్యి. మంచిగ మెరవాలె."

చంద్రవ్వ కాసేపు తోక దులుపుకుంటూ కూర్చుంది. ఆమెకు మనసొప్పలేదు. కానీ గీయించుకునేవాడు పెద్ద, తను ఉడుత. అడిగినట్టే వేసింది. తాబేలు పోయింది. దూడలు పోయాయి. ఊబి మీద పచ్చిక మొలిచింది.

"కళ్ళు దిద్దమంటవా పటేలా?" అని అడిగింది. భూమన్న తోకతో ఈగలు తోలుకున్నాడు. మళ్ళీ అడిగింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు. మూడోసారి అడిగింది.

"దిద్దు!" అన్నాడు భూమన్న.

పాత బట్ట ఏట్లో కలిసింది. తొలకరికి వచ్చిన గోరింక కొత్త బట్ట చూసి తెల్లబోయింది.

"ఇది మీ కథ కాదు, నేను పాడను," అంది.

"నువ్వు కాకపోతే ఇంకో పిట్ట," అన్నాడు భూమన్న.

గోరింక పాడింది. పాట బాగానే కుదిరింది. పాత సంగతి తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే కాలం చేశారు. మిగిలినవాళ్ళు పెద్దతో మనకెందుకులే అని నోరు కుట్టుకుని, ఆ సంగతిని తమతోనే తీసుకుపోయారు.

భూమన్నకు ఒక కొడుకు పుట్టాడు. పేరు రాజం. వాడికి ఆ పాటంటే ప్రాణం. "ముత్తాత ముందు ఉరికిండు, పచ్చికల నుంచి ఏటికి చేరిండు!" అని ఎగురుతూ పాడేవాడు. వింటున్న భూమన్నకు మొదట్లో ఒళ్ళు జలదరించేది. తర్వాత తర్వాత మురిపెంగా తలూపడం అలవాటైంది.

మళ్ళీ కరువు వచ్చింది. మడుగులు బీటలు వారాయి. మంద బట్ట మీది దారినే పెద్ద ఏటికి బయలుదేరింది. చాలా దూరం నడిచాక ఎదురుగా పచ్చటి మైదానం కనిపించింది. ఊబి ఎక్కడుందో భూమన్నకు గుర్తులేదు. దాని చోటు చూపించేది పాత బట్ట ఒక్కటే. అయినా ఎండిన అడవిలో ఇంత పచ్చదనం ఎక్కడిది, కింద ఊబి ఉందేమోనని ఆగిపోయాడు.

ఆయన భార్య నర్సవ్వ వేరే మంద నుంచి వచ్చిన ఆడది. ఆమెకు పాత కథ తెలియదు.

"ఎందుకు ఆగినవ్? ఇటేనా దారి?" అని అడిగింది.

మందంతా భూమన్న నోటి వైపు చూసింది. ఆగండి అంటే, ఎందుకు అంటారు. ఎందుకో చెబితే, ఇన్నాళ్ళ పాట అబద్ధమని తేలిపోతుంది. ఆ భయానికి భూమన్న నోరు మూసుకున్నాడు.

"నాయనా! ముత్తాత లెక్క నేనే ముందట!" అని రాజం ఉరికాడు.

"ఆగు బిడ్డా! అది ఊబి!" అని భూమన్న అప్పుడు అరిచాడు. ఆ అరుపు ఎందుకు పనికొస్తుంది? వాడు అప్పటికే మెడదాకా దిగబడ్డాడు. తండ్రి కేసి చూస్తూనే మునిగిపోయాడు.

నర్సవ్వ మొగుడి వైపు తిరిగింది.

"నీకు ఎరికేనా?" అంది.

భూమన్న తల దించుకున్నాడు.

మంద రాళ్ళ వెంట తడుముకుంటూ, పడుతూ లేస్తూ ఏరు చేరింది. వానలు పడ్డాక నర్సవ్వ తనే చంద్రవ్వ దగ్గరకు వెళ్ళింది. భూమన్న వెనక వెనకే వెళ్ళి దూరంగా నిలబడ్డాడు.

"కొత్త బట్ట గీయాలె చంద్రవ్వా," అంది నర్సవ్వ. "ఊబి వెయ్యి. అండ్ల నా బిడ్డను వెయ్యి. ఒడ్డున వాళ్ళ నాయనను వెయ్యి. నోరు మూసుకొని ఉన్నట్టు వెయ్యి."

చంద్రవ్వ వేసింది. కళ్ళు దిద్దే ముందు అలవాటు కొద్దీ భూమన్నను అడిగింది.

"దిద్దమంటవా పటేలా?"

"ఆయనను అడగకు," అంది నర్సవ్వ. "దిద్దు."

నీతి: పెద్దలు చేసిన తప్పును పిల్లలకు చెప్పకుండా దాస్తే, పిల్లలు వెళ్ళి ఆ తప్పులోనే పడతారు.